పాత రంపం వెంట వెళ్లాల్సిన కబురు

2014 వేసవిలో అమెరికాలో, ఒహాయోలో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్లాను. అంతకుముందు చలికాలంలోనే వాళ్లు ఆ ఇల్లు కొనుక్కున్నారు. పాత యజమాని పోతే ఆయన భార్య ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయిందట. సామానంతా పట్టుకెళ్లింది గానీ నేలమాళిగలో ఓ మూలనున్న రంపం మిషన్‌ని కదిలించలేక వదిలేసింది. "నీకోసమే ఉంచాను నాన్నా, పారేయలేదు" అన్నాడు మావాడు. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు ఐటీఐలో వడ్రంగం నేర్పినవాణ్ణి. మనవడికి అప్పుడు మూడేళ్లు. వాడు కూర్చుని అన్నం తినడానికి ఓ పీట చేద్దామని, వెళ్లిన మర్నాడే కిందికి దిగాను.

అది మన సామిల్లుల్లో ఉండే రకం కాదు. వెనక నిలువుగా ఓ స్తంభం, దాని మీంచి బల్లపైకి చాచిన ఇనప చెయ్యి. ఆ చేతికి మోటారు, మోటారుకి పదంగుళాల బ్లేడు వేలాడుతూ ఉంటాయి. చెక్కను వెనకనున్న పట్టీకి ఆనించి, పిడి పట్టుకుని రంపాన్ని మనవైపు లాగాలి. 1920లలో రేమండ్ డెవాల్ట్ అనే అమెరికన్ ఈ పద్ధతి కనిపెట్టాడు. పసుపుపచ్చ డ్రిల్లింగ్ మిషన్ల మీద మన కుర్రాళ్లు రోజూ చూసే పేరు ఆయనదే. అడ్డకోత, ఏటవాలు కోత, గాడి తీయడం అన్నీ ఒక్క బల్ల మీదే అయిపోతాయి. ఎంతో తెలివైన యంత్రం. ప్రమాదమూ ఆ తెలివిని అంటిపెట్టుకునే ఉంది. బ్లేడు తిరిగే తీరు చెక్కను వెనక్కి నొక్కుతుంది, రంపాన్ని పనివాడి మీదికి తోస్తుంది. గట్టి ముడి తగిలిందంటే మనం లాగక్కర్లేకుండానే ముందుకు దూకుతుంది. చెక్కను అదిమిపట్టిన రెండో చెయ్యి ఆ దగ్గర్లోనే ఉంటుంది.

దుమ్ము తుడిచి చూస్తే బ్లేడు పై సగానికే డొప్ప ఉంది. కింది సగం పళ్లు బోడిగా కనిపిస్తున్నాయి. "ఒరేయ్, దీని కింది గార్డు ఏదిరా?" అన్నాను. ఎక్కడో పోయి ఉంటుందనుకున్నాం. రేకు పలక మీద నంబరు చదివాను, 113తో మొదలైంది. మావాడు ఆ నంబరు ఫోనులో కొట్టి కాసేపు చదువుకున్నాడు. తల ఎత్తి, "నాన్నా, స్విచ్ వెయ్యకు" అన్నాడు.

మేము అనుకున్నట్టు గార్డు పోలేదు. అలాంటి గార్డు లేకుండానే ఆ రంపాలు బజారులోకి వచ్చాయి. సియర్స్ దుకాణాలు క్రాఫ్ట్స్‌మన్ పేరుతో 1958 నుంచి 1992 దాకా అమ్మిన సరుకు అది, తయారుచేసింది ఎమర్సన్ కంపెనీ. బ్లేడును పూర్తిగా కప్పే గార్డు లేదన్న కారణంతో, ఆ దేశపు వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌తో కలిసి ఎమర్సన్ 2000 నవంబరులో రీకాల్ ప్రకటించింది. లెక్కకి వచ్చిన రంపాలు సుమారు 37 లక్షలు. వేళ్లు, చేతులు తెగిన ఫిర్యాదులు అప్పటికే వందల్లో ఉన్నాయి. గార్డు బిగించడానికి వీలైన మోడళ్లకి కిట్ ఉచితంగా పంపేవారు. వీలుకాని మోడళ్లకి మోటారూ, అది వేలాడే బండీ విప్పి తిరిగి పంపితే 100 డాలర్లు ఇచ్చేవారు.

మాది రెండో రకం.

రెండు రోజులు నేను ఒప్పుకోలేదు. నలభై ఏళ్ల మోటారు, చేత్తో తిప్పితే వెన్నలా తిరుగుతోంది. బేరింగుల్లో చప్పుడు లేదు. అలాంటిదాన్ని విప్పి తుక్కుకి పంపడం వడ్రంగివాడికి ఎంత కష్టమో చెప్పలేను. గార్డు నేనే రేకుతో చేసి బిగిస్తానన్నాను, మా కోడలు ఒప్పుకోలేదు. "మీకు తెలుసు మామయ్యా, జాగ్రత్తగా వాడతారు. మీరు ఊరెళ్లాక బాబు పెద్దవాడై కిందికి దిగితే?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కళ్ల ముందు నా శిష్యుడొకడు నిలబడ్డాడు.

1998లో నా దగ్గర నేర్చుకుని వెళ్లిన కుర్రాడు. కొన్నేళ్లకి సొంతంగా చిన్న షెడ్డు వేసుకున్నాడు. ఓ పెద్ద కార్ఖానా వాళ్లు కొత్తది కొనుక్కుని అమ్మేసిన కోత బల్లని అప్పు చేసి తెచ్చుకున్నాడు. గార్డు లేదు. పేరున్న పలక కూడా ఊడిపోయింది. ఏడాది తిరక్కుండానే చెక్క ఎగిరి, చెయ్యి జారి, ఎడమ చేతి రెండు వేళ్లు పోయాయి. ఆస్పత్రికి వెళితే వాడు ఏడవలేదు. "మీరు చెప్పారు కదా మాస్టారూ, గార్డు కోసం ఊళ్లన్నీ తిరిగానండి. ఆ మిషన్‌కి గార్డు ఎక్కడా దొరకలేదండి" అన్నాడు.

గార్డు తీసేసి పనిచేసే వడ్రంగిని అందరూ తిడతారు. నేనూ తిట్టాను, ముప్ఫై ఏళ్లు. కానీ గార్డు పెట్టుకుంటానని వెతికినవాడికి అది దొరకని మాట గురించి ఎవరు మాట్లాడుతున్నారు? పనివాళ్లు గార్డు ఎందుకు విప్పుతారో కూడా నాకు తెలుసు. నాసిరకం డొప్పలో పొట్టు నిండి గీత కనపడదు, సన్నపట్టీ కోసేటప్పుడు చెక్క ఇరుక్కుంటుంది. సరిగ్గా చేసిన గార్డుని విప్పి అవతల పెట్టినవాణ్ణి నేను చాలా అరుదుగా చూశాను. తప్పు మొదలయ్యేది తయారుచేసే చోట. అది చేసినవాడే దిద్దాలి, ఎన్నేళ్లయినా.

మూడో రోజు పొద్దున్నే మోటారు విప్పాను. మావాడు వివరాలు పంపితే కొన్ని వారాలకి ఓ ఖాళీ పెట్టె వచ్చింది, తపాలా ఖర్చు ముందే కట్టి. అందులో పెట్టి పంపేశాం. తర్వాత 100 డాలర్ల చెక్కు వచ్చింది. ఎప్పుడు కొన్నారు, బిల్లు ఏది, మొదటి యజమాని మీరేనా అని ఎవరూ అడగలేదు. రంపం ఎవరి చేతిలో ఉంటే వాళ్లతోనే మాట. ప్రకటన వచ్చి అప్పటికి పద్నాలుగేళ్లు. ఆ పాత యజమానికి అది చేరలేదో, చేరినా పక్కన పడేశాడో తెలియదు. చేరకపోతేనేం, మాకు చేరింది కదా. డబ్బులు ఇచ్చి మరీ మోటారు అడగడంలోని విలువ నాకు అప్పుడే అర్థమైంది. ఒట్టి హెచ్చరిక అయితే ఆ మిషన్ మా చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లేది. మోటారు పోయాక అది ఇంకెవరి వేలూ కొయ్యలేదు.

మన దేశంలో ఇలా జరగకపోవడం చట్టం లేక కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 20వ సెక్షన్ ప్రమాదకరమైన వస్తువుల్ని వెనక్కి తీసుకోమని, డబ్బు తిరిగివ్వమని ఆదేశించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి ఇచ్చింది. ఆ సంస్థ 2020 జులైలో ఏర్పడింది. ప్రమాణాలకు తగని 2,265 ప్రెషర్ కుక్కర్లని వెనక్కి తీసుకుని డబ్బు వాపసు ఇవ్వమని 2022లో ఓ పెద్ద ఆన్‌లైన్ సంస్థను ఆదేశించింది కూడా. సొంతంగా బతుకుతెరువు కోసం మిషన్ కొనుక్కున్నవాడు వినియోగదారుడేనని ఆ చట్టమే చెబుతోంది. అంటే ఇద్దరు మనుషులతో షెడ్డు నడుపుకునే వడ్రంగికీ ఆ రక్షణ ఉంది. ఇంకో చట్టం వాడిని ఆదుకోదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట పదిమంది పనివాళ్లుంటేనే వర్తించేది, 2020 నాటి భద్రతా కోడ్ ఆ లెక్కని ఇరవైకి పెంచింది.

కుక్కర్ల విషయంలో కొన్నవాళ్ల పేర్లు ఆ ఆన్‌లైన్ సంస్థ కంప్యూటర్లోనే ఉన్నాయి. కోత మిషన్‌కి అలా కుదరదు. తెల్లకాగితం మీద రాసిచ్చిన బిల్లుతో ఒకరు కొంటారు, ఆరేళ్లకి ఇంకొకరికి అమ్ముతారు, అక్కణ్ణుంచి వేరే ఊరు. కాబట్టి రీకాల్ కబురు బిల్లు వెంట కాకుండా రంపం వెంట వెళ్లాలి. రంపం ఎక్కడికి వెళ్లినా దాని బ్లేడు సాన పట్టే కొట్టుకి రాక తప్పదు. మోటారు కాలితే వైండింగ్ షాపుకి రాక తప్పదు. కలప కోసం దాని యజమాని అడితికి వెళ్లక తప్పదు. ఆ మూడు చోట్లా ఫొటోతో, మోడల్ నంబరుతో, తెలుగులో కాగితం అంటిస్తే చాలు, పేపర్లో మూలన ఇంగ్లీషులో వేసే ప్రకటనకన్నా మేలు. నంబరు పలక ఊడిపోకుండా మిషన్ ఒంటి మీదే పోతపోయాలి. ఒట్టి కాగితంతో కూడా సరిపోదు. రోజుకూలికి ఆ మిషన్ మీదే ఆధారపడినవాణ్ణి ఆపేయమంటే ఆపడు. గార్డు ఉచితంగా ఇవ్వాలి, కుదరకపోతే పాతది తీసుకుని గార్డున్న మిషన్ ఇవ్వాలి. ఖర్చు తయారీదారుడిదే. నలభై ఏళ్లనాటి రంపానికి అక్కడ ఒక కంపెనీ తన ఖర్చుతోనే దిద్దుబాటు చేసింది. పదేళ్లనాటి మిషన్‌కి ఇక్కడి కంపెనీలు చేయలేమంటే నేను నమ్మను.

మనవడి పీట చేతి రంపంతోనే కోశాను, నాలుగు రోజులు పట్టింది.

నా దగ్గర నేర్చుకున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఒక్క పని చేయండి. మీ షెడ్డులో మిషన్ మీదున్న పలక తుడిచి నంబరు రాసిపెట్టుకోండి. గార్డు లేకపోతే అమ్మినవాణ్ణి అడగండి. ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. ఎక్కడా దొరకకపోతే ప్లగ్గు పీకేసి నాకు కబురు పెట్టండి. వచ్చి చూసి, కొలతలు తీసుకుని, మీతో కలిసి నేనే చేసి బిగిస్తాను.