ఉచిత పుస్తకానికి వారసులెవరు?

ఈ మధ్య ల్యాప్‌టాప్‌లో పదేళ్ల నాటి బుక్‌మార్కులు తిరగేశాను. సొంత వెబ్‌సైట్లు పెట్టుకుని కథలు, నవలలు ఉచితంగా చదవనిచ్చిన తెలుగు రచయితల పేజీలవి. సగానికి పైగా తెరుచుకోలేదు. ఒకచోట డొమైన్ అమ్మకానికుందన్న ప్రకటన, ఇంకోచోట రమ్మీ ఆట. నడిపినవారు కాలం చేశారో, రెన్యువల్ డబ్బు కట్టడం మరిచారో చెప్పేవాళ్లు లేరు.

డబ్బు ఇక్కడ అసలు సమస్య కాదు. పుస్తకం అచ్చు వేయించే ఖర్చు ముందు ఏడాదికయ్యే డొమైన్, హోస్టింగ్ ఖర్చు లెక్కలోకి రాదు. చిక్కంతా ‘ఉచితం’ అన్న మాటలోనే ఉంది. రచయిత తన నవలను ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టినా, చట్టం దృష్టిలో హక్కు ఆయనదే. భారత కాపీరైట్ చట్టం ప్రకారం అది రచయిత మరణానంతరం 60 ఏళ్లు ఉంటుంది. సైట్ మూతపడ్డాక పాఠకుడి దగ్గర కాపీ మిగిలినా, దాన్ని మరోచోట పెట్టాలంటే వారసుల అనుమతి కావాలి. వారు ఏ ఊళ్లో, ఏ దేశంలో ఉన్నారో వెతకాలి. ఇవాళ నవల పెట్టిన రచయిత 2065లో కన్నుమూశారనుకుందాం. అది పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చేది 2126 జనవరి 1న.

ఈ గడువు మొదట 50 ఏళ్లే. విశ్వభారతి చేతిలోని ఠాగూర్ రచనల హక్కులు 1991 చివరికి ముగియబోతుంటే దాన్ని 60కి పెంచారు. పాకిస్తాన్‌లో 50 ఏళ్లే. అందుకే 1955లో మరణించిన మంటో కథలు అక్కడ 2006లో అందరివీ అయ్యాయి, ఇక్కడ 2016లో. అనువాదాల సంగతి మరీ తిరకాసు. శరత్ 1938లోనే పోయారు, ఆయన బెంగాలీ మూలానికి ఇప్పుడు అడ్డంకి లేదు. కానీ ఆ నవలల్ని తెలుగు చేసిన చక్రపాణి (‘చందమామ’, విజయా చిత్రాల చక్రపాణే) 1975 దాకా ఉన్నారు. ఆ తెలుగు వాక్యాలకు 2035 చివరి వరకు రక్షణ ఉంది. పాత పుస్తకం కదా అని సైట్‌లో పెట్టేవారు చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

పక్కింటి తమిళంలో ఏం జరిగిందో చూడండి. 1998 సంక్రాంతినాడు స్విట్జర్లాండ్‌లో ఉంటున్న రసాయన శాస్త్రవేత్త కె. కళ్యాణసుందరం ‘ప్రాజెక్ట్ మదురై’ ప్రారంభించారు. వేర్వేరు దేశాల్లోని వలంటీర్లు ప్రాచీన, ఆధునిక గ్రంథాలను టైపు చేసి పంపారు. యూనికోడ్ స్థిరపడని కాలమది. ఫాంట్ మారితే అక్షరాలు చెదిరిపోయేవి. అయినా అవి నిలిచాయంటే, నా అంచనాలో, ప్రతి ఫైలు మొదట్లో ఉన్న షరతే పెద్ద కారణం: ఈ ముందు పేజీని అలాగే ఉంచి, ఫైలును ఎవరైనా స్వేచ్ఛగా పంచుకోవచ్చు. కాబట్టి ఆ గ్రంథాల మనుగడ ఒక్క సర్వర్ మీద ఆధారపడలేదు. తమిళనాడు ప్రభుత్వమైతే వారసులకు పరిహారం ఇచ్చి రచయితల పుస్తకాలను జాతీయం చేస్తూ వస్తోంది. 1949లో భారతి రచనలతో మొదలైన ఒరవడి అది. తెలుగు నేల మీద అలాంటి సంప్రదాయం వేళ్లూనుకోలేదు.

ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది కదా అనొచ్చు. నిజమే, మన పాత పుస్తకాలు లెక్కలేనన్ని అక్కడ దొరుకుతున్నాయి. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగితే అదీ కొన్ని రోజులు మూతపడింది.

‘అనుమతిస్తే ఎవడో అచ్చేసి అమ్ముకుంటాడు’ అన్నది రచయితల భయం. తీసిపారేయాల్సిన భయం కాదు. అయితే దానికి విరుగుడు ఉంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో వ్యాపారానికి వాడకూడదనే రకం ఉంది. పూర్తిగా వదులుకోదలిస్తే చట్టంలోని 21వ సెక్షన్ కింద బహిరంగ ప్రకటనతోనే హక్కులు విడిచిపెట్టవచ్చు. రెంటికీ లాయరు అక్కర్లేదు. సైట్‌లోనే కాదు, ప్రతి పీడీఎఫ్ మొదటి పేజీలోనూ ఆ వాక్యం ఉండాలి, ఎందుకంటే సైట్ పోయాక మిగిలేది ఆ ఫైలే. పాస్‌వర్డు ఇంట్లో ఇంకొకరికి తెలియాలి. నేను తిరగేసిన బుక్‌మార్కుల్లో ఇంకా తెరుచుకుంటున్న సైట్లలోనూ అనుమతి వాక్యం కనిపించింది రెండింట్లోనే.