బాలికల మనోవ్యధ

పదవ తరగతి ముగిసి వసతి కళాశాలలో చేరిన మన బాలిక దినచర్య యెట్టిదో తండ్రులు విచారించుచున్నారా? తెల్లవారకముందే లేచుట, రాత్రి పొద్దుపోవువరకు పుస్తకము, వారమువారము పరీక్ష, ఆ మార్కులనుబట్టి తరగతి మార్పు. ఈ శ్రమ బాలురకును గలదు. కాని మార్కులు తగ్గినచో చదువు మాన్పించి పెండ్లి చేయుదురేమో యను భయము అనేక బాలికలను అదనముగ బాధించుచున్నది. దేహమందు మార్పులు కలుగు వయస్సున చెప్పుకొనుటకు చెంత తల్లి యుండదు. నిద్రపట్టదనియు, అన్నము సహింపదనియు, తలనొప్పియనియు ఆమె చెప్పినచో, చదువు తప్పించుకొనుటకు సాకులని మనము త్రోసివేయుచున్నాము. ఆకు వాడుటను చూచి చేనికి నీరు పెట్టు రైతు కూతురి ముఖము వాడుటను గుర్తింపకుండుట విచారకరము.

వైద్యవిద్యా ప్రవేశపరీక్షకై విశాఖపట్టణమున చదువుచుండిన పదునేడేండ్ల బాలిక యొకతె 2023 జూలైలో అకాలమరణము నొందెను. ఆమె తండ్రి న్యాయస్థానముల నాశ్రయించెను. 2025 జూలై 25వ తేదీన సుప్రీముకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించుటయే గాక, తగిన చట్టము వచ్చువరకు దేశమందలి విద్యాసంస్థలన్నియు పాటింపవలసిన నిబంధనలను విధించెను. నూరుగురు లేక అంతకు మించిన విద్యార్థులున్న ప్రతి సంస్థయు శిక్షణపొందిన సలహాదారు నొకరినైన నియమింపవలయును. సాధ్యమైనంతవరకు మార్కులనుబట్టి తరగతులను విడదీయరాదు, నలుగురిలో అవమానింపరాదు, శక్తికి మించిన లక్ష్యములను మోపరాదు.

ఉత్తరువు మంచిదే. కాని దానిని అమలు జరిపించువా రెవరు? ర్యాంకుల ప్రకటనలను చూచి పిల్లలను చేర్చువారున్నంతకాలము యాజమాన్యములు ర్యాంకులనే అమ్మును. కావున నేరము వారిదే యని మనము చేతులు కడుగుకొనరాదు. రుసుము చెల్లించుటకు పోయిన ప్రతి తండ్రియు "మీ సలహాదారు ఎవరు? మా అమ్మాయి ఆమెను ఎప్పుడు కలిసికొనవచ్చును?" అని ముందుగ నడుగవలయును. సమాధానము లేని చోట పిల్లను చేర్పరాదు. ప్రభుత్వములును తనిఖీ చేసి, నిబంధనలను పాటింపని సంస్థల గుర్తింపును రద్దుచేయవలయును. 2022లో కేంద్రప్రభుత్వము స్థాపించిన 14416 అను ఉచిత టెలిఫోను సహాయము రాత్రింబవళ్లు తెలుగులోను లభించుచున్నది. ఆ సంఖ్యను ప్రతి వసతిగృహపు గోడపైనను వ్రాయింపవలయును.

ఇంటిలో చేయవలసినదియు గలదు. ఆదివారమున కూతురు మాట్లాడినప్పుడు మార్కు లెన్నియని గాక, "తల్లీ, నిద్ర పట్టుచున్నదా?" అని మొదట నడుగుడు. పరీక్ష మరల వ్రాయవచ్చును. పోయిన బిడ్డ మరల రాదు.