ఉచితసేవకు ఊతము కావలెను

మనోవ్యాధిగ్రస్తునకు వేళ తప్పక మందు మ్రింగించి, రాత్రులు నిద్ర మాని కాచుకొని, ఇరుగుపొరుగుల నిందావాక్యములను మౌనముగా భరించు తల్లికిగాని భార్యకుగాని జీతము లేదు, సెలవు లేదు. కరీంనగర్ ప్రాంతమున మగవారు గల్ఫ్ దేశములకు వలసపోయిన ఇండ్లలో ఈ భారము ఒంటరి స్త్రీపైననే పడుచున్నది. బీడీలు చుట్టి బ్రతుకు ఇల్లాలు రోగిని సుమారు 160 కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి గొనిపోవుటయన్న, ఆనాటి కూలిని వదులుకొనుటయే.

1950వ దశకమున అమృతసర్‌లో మనోవైద్యుడు డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనే గుడారములలో నిలిపి, వారిని చికిత్సలో భాగస్వాములను గావించి, కుటుంబము యొక్క సహకారమే సగము వైద్యమని లోకమునకు చూపెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అధికసహాయము అవసరమైనవారికి సంరక్షక భత్యమును పేర్కొన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి కుటుంబమునకు తోడ్పడు సేవలను ప్రభుత్వ బాధ్యతగా విధించినది. చట్టము పలికిన మాట పల్లె గడపను చేరినప్పుడే సార్థకము.

కావున ఆ సంరక్షక భత్యము అర్హులకు అందవలెను. జిల్లా ఆసుపత్రిలో సంరక్షకులకు ప్రత్యేకముగా సలహా లభింపవలెను. వారు కొన్నిదినములైనను విశ్రమించుటకు రోగిని అప్పగింపదగిన ఆశ్రయము వెలయవలెను. 14416 అను టెలిమానస్ ఉచిత మానసిక సహాయ దూరవాణి సంఖ్య రోగులకే గాక వారిని కాచువారికిని ఉన్నదని ఆశా కార్యకర్తలు, మహిళాసంఘములు ఇంటింట తెలుపవలెను. ఇది దయ కాదు. ప్రభుత్వము తీర్పవలసిన ఋణము.