వాడకం తగ్గితే డీజిల్ దిగుతుందా?

తాండూరు నాపరాళ్లకైనా, కందులకైనా లారీ కిరాయి డీజిల్ ధరను బట్టే పలుకుతుంది. జనం వాడకం తగ్గిస్తే ధర దానంతటదే దిగివస్తుందన్న వాదన సగమే నిజం. 2020 లాక్‌డౌన్‌లో ప్రపంచమంతటా గిరాకీ పడిపోయి, ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు వాయిదా ధర సున్నాకు దిగువకు జారింది. ఆ లాభం బంకు దాకా రాలేదు. మే 5న కేంద్రం లీటరు పెట్రోలుపై రూ.10, డీజిల్‌పై రూ.13 సుంకం పెంచింది. 2021 నవంబరులో పెట్రోలుపై రూ.5, డీజిల్‌పై రూ.10 సుంకం తగ్గించగా బంకు ధర మరునాడే దిగింది. పొదుపు వల్ల ముడిచమురు దిగవచ్చు. బంకు ధర దిగాలంటే పన్ను కూడా దిగాలి. అందాకా ఎదురుచూసేకంటే, వికారాబాద్ మీదుగా హైదరాబాద్ వెళ్లే లారీ ఖాళీగా తిరిగిరాకుండా రానూపోనూ సరుకు కుదుర్చుకోవడమే వర్తకులకు మేలు.