పేరు వెనక మొక్కు

మన్సూరాబాద్‌లో ఫంక్షన్ హాళ్ల ముందు కట్టే ఇరవై ఒకటో రోజు ఫ్లెక్సీలను కాస్త ఆగి చదవాలి. పైన పెద్ద పెద్ద రంగుల అక్షరాల్లో బిడ్డ పేరుంటుంది: విహాన్, శ్రియాన్, ఆద్య. కింద ఓ మూలన సన్నటి అక్షరాల్లో తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు: సైదులు, లింగయ్య, యాదమ్మ, పోచమ్మ. పైపేరుకు అర్థం కావాలంటే ఫోన్ తీయాలి. కింది పేర్లకైతే ఎల్బీ నగర్‌లో నల్లగొండ వైపు బస్సెక్కితే చాలు.

యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కితే పుట్టినవాళ్లు యాదయ్యలు, యాదమ్మలు. సూర్యాపేట జిల్లా జాన్‌పహాడ్ దర్గాకు మొక్కిన ఇళ్లలో సైదులు, సైదమ్మ, ఆఖరికి సైదిరెడ్డి కూడా. ఉర్సుకు పోయి కందూరు చేసి వచ్చిన ఇంటివాళ్లే సంక్రాంతికి ముగ్గులేస్తారు. ఆ పేరు పెట్టుకోవడానికి మతం ఎవరికీ అడ్డు రాలేదు. మేడారం సమ్మయ్యలను, సారయ్యలను ఇచ్చింది. కొమురవెల్లి, అయినవోలు మల్లన్నలు కొమురయ్యలను, ఐలమ్మలను ఇచ్చారు. 1946 జులై 4న కడవెండిలో తూటాకు నేలకొరిగిన దొడ్డి కొమురయ్యది అలాంటి పేరే. దొరను ఎదిరించి పంటను ఇంటికి చేర్చుకున్న చాకలి ఐలమ్మదీ అంతే. కోఠి మహిళా విశ్వవిద్యాలయం ఇప్పుడు ఆమె పేరుతోనే నడుస్తోంది.

మొక్కు కన్నా భయం పెట్టిన పేర్లు మరికొన్ని. పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఎత్తుకొచ్చి పెంటయ్య అన్నారు. ఎంగిలి విస్తట్లో దొర్లించి పుల్లయ్య అన్నారు. ఉత్తరాంధ్రలో బిడ్డను పరాయివాళ్లకిచ్చి, చేరెడు తవుడుకు తిరిగి కొనుక్కుని తవిటయ్య అన్నారు. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని మృత్యువు పక్కకు తప్పుకుంటుందని ఆ తల్లుల ఆశ. మంగోలియా తల్లులదీ అదే ఉపాయం. ‘పేరు లేదు’ అని అర్థమొచ్చే నెర్‌గుయ్, ‘ఇది కాదు’ అనే ఎనెబిష్ అక్కడ నిజంగా పెట్టుకునే పేర్లు. మన దేశంలో 1971లో కూడా పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. పెంటయ్య పేరు వినగానే నవ్వొచ్చేవాళ్లు ఈ రెండు అంకెలనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. అన్నట్టు, లవకుశ తీసిన సి.పుల్లయ్య, శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం తీసిన పి.పుల్లయ్య ఆ పేరుతోనే తెలుగువాళ్ల నెత్తిన కూర్చున్నారు.

అలాగని పాత పేర్లన్నిటినీ ముద్దు చేయనక్కర్లేదు. కులాన్ని బట్టి ఒకరి పేరు చివర ‘గారు’, మరొకరి పేరు చివర ‘గాడు’ తగిలించిన ఊళ్లు మనవి. తాతను ఎల్లిగా అని కేకేసిన వీధిలో మనవడికి ఆదిత్య అని పెట్టుకుంటే అది ఫ్యాషన్ కాదు, జవాబు. ఎల్బీ నగర్ ఎవరి పేరున వెలిసిందో ఆ లాల్ బహదూర్ కూడా కులం చెప్పే శ్రీవాస్తవను వదిలేసినవారే. శాస్త్రి అన్నది మనం అనుకునేట్టు ఇంటిపేరూ కాదు, కులం గుర్తూ కాదు. కాశీ విద్యాపీఠంలో చదివి తెచ్చుకున్న పట్టా. ఏం వదులుతున్నారో ఆయనకు తెలుసు. తెలిసి వదులుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు. మన ఇళ్లలో ఇప్పుడు జరుగుతున్నది ఎక్కువగా రెండోదే.

ఇవాళ పేరుకు మొదటి షరతు, ఇంకెవరికీ ఉండకూడదు. రెండోది, న్యూమరాలజీ కుదరాలి. దానికోసం ఇంగ్లిషు స్పెల్లింగులో ఓ ‘ఎ’ ఎక్కువ పడుతుంది. ఆ ఎక్కువ పడ్డ అక్షరం బర్త్ సర్టిఫికెట్‌లో ఉండి ఆధార్‌లో లేకపోతే తిరగాల్సిన ఆఫీసులు మాత్రం ఎవరూ లెక్కేయరు. పేరు ఇంకెవరికీ ఉండకూడదన్న పట్టింపు మాత్రం అన్నిచోట్లా లేదు. ఘనాలో శుక్రవారం పుట్టిన మగబిడ్డ కోఫీ, శనివారం పుడితే క్వామే. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫీ అన్నన్ పుట్టింది శుక్రవారమే. మన తండాల్లో, గూడేల్లో సోమ్లా, మంగ్లీ, బుద్రి, సుక్రి వచ్చిందీ వారాల లెక్కనే. ఊళ్లో పదిమందికి అదే పేరున్నా ఎవరూ చిన్నబోలేదు. మనిషిని పనిని బట్టి, నడతను బట్టి గుర్తుపట్టారు.

కొత్త పేరు పెట్టడంలో తప్పేమీ లేదు. ప్రతి తరమూ తన బిడ్డలకు తన ఆశల్లోంచే పేరు తీస్తుంది. వెనకటి పేర్లు సిగ్గుపడి దాచాల్సినవి కావన్నదే ఇక్కడి మాట. ఇక తొందర కూడా అక్కర్లేదు. జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలన్నది చట్టం. పేరు మాత్రం అప్పుడే రాయించాలన్న నిర్బంధం లేదు. ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. ఈలోగా ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఒక పూట కూర్చోండి. మీకు ఆ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, అంతకుముందు పోయిన పిల్లలెవరు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి, బిడ్డ బర్త్ సర్టిఫికెట్ దాచే ఫైల్లోనే ఆ కాగితమూ పెట్టండి. చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే ఈ పని కావాలి.