లాగే బలము, ఆపే బలము

సెలవులు దగ్గరపడగానే మన కళాశాల సైకిలు స్టాండు వద్ద రెండే ప్రశ్నలు వినిపిస్తాయి: ఎక్కడికి, ఎన్ని బండ్ల మీద? ఒకప్పుడు విహారయాత్ర అంటే అధ్యాపకుల వెంట బస్సులో పోయి రావడమే. నేడు మోటారు సైకిళ్ళ మీద నూటయాభై, రెండు వందల కిలోమీటర్లు పోయి, గుడారము వేసుకుని, అక్కడే వండుకుని తిని, మరునాడు తిరిగి రావడము మనవారికి ప్రీతిపాత్రమైనది. ఈ ఉత్సాహమును మేము నిందించము. నాలుగు ఊళ్ళు చూడని చదువు సగము చదువే.

అయితే గుడారము, పొయ్యి, బియ్యము, నీళ్ళ డబ్బా, దుప్పట్లు బండి మీద ఎక్కడ పెట్టాలి? ఈ ప్రశ్నకు సమాధానముగా ఇటీవల కొందరు మిత్రులు విదేశీయుల చలనచిత్రములు చూచి, మోటారు సైకిలు వెనుక చిన్న ట్రైలరు తగిలించుకుంటే సరిపోతుందని ఉత్సాహపడుతున్నారు. అట్లు ఉత్సాహపడిన వారిలో మేమును ఉన్నాము. తగిలించి చూచినవారము కూడా మేమే. కనుక ఈ విషయమున మా అభిప్రాయమును విద్యార్థి సోదరుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడము మా బాధ్యతగా భావిస్తున్నాము.

ఈ ఆలోచన కొత్తది కాదు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో, మోటారు సైకిలు ఇంకా శైశవదశలో ఉన్నప్పుడే, ఐరోపాలో దాని వెనుక బెత్తముతో అల్లిన కుర్చీ బండిని కట్టి, తోడు వచ్చేవారిని అందులో కూర్చుండబెట్టేవారు. దారి దుమ్మంతా వారి ముఖము మీదనే పడేది. 1903 ప్రాంతమున సైడ్‌కారు రాగానే ఆ వెనుక బండ్లు మరుగున పడ్డాయి. మనుషులకు పనికిరాని ఆ ఏర్పాటు తరువాతి కాలమున సామానుకు పనికివచ్చింది. అమెరికాలో 1975లో హోండా గోల్డ్ వింగ్ వంటి పెద్ద బండ్లు వచ్చిన పిదప, ఉద్యోగవిరమణ చేసిన దంపతులు సైతము వెనుక ట్రైలరులో గుడారము, వంట సామాను పెట్టుకుని రాష్ట్రములకు రాష్ట్రములు చుట్టిరావడము పరిపాటి అయినది. 1988లో వచ్చిన గోల్డ్ వింగ్‌కు ఆరు సిలిండర్లు, 1500 సి.సి. ఇంజను, వెనుకకు నడిపే గేరు కూడా ఉన్నాయి. దాని బరువు మూడున్నర క్వింటాళ్ళకు పైమాటే. ఈ చివరి అంకెను పాఠకులు గుర్తుంచుకోవలెను.

ఇక మా కథ. గత డిసెంబరులో మేము నలుగురము రెండు బండ్ల మీద కర్నూలు నుండి నంద్యాల, బనగానపల్లె, బెలుము గుహల మీదుగా గండికోటకు పోదలచాము. ఒక వెల్డింగు షాపులో పాత ఇనుప పైపులు, రెండు స్కూటరు చక్రములతో ట్రైలరు చేయించాము. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించినట్లే, ఒక రంధ్రములో ఇనుప మేకు దించి 100 సి.సి. బండికి కట్టాము. మా బండ్లు బాగుచేసే వృద్ధ మెకానిక్కు, అందరూ ఉస్తాద్ అని పిలిచే పెద్దమనిషి, దానిని చుట్టూ తిరిగి చూచి, "ఇంజను లాగుతుంది బేటా, అందులో సందేహము లేదు. ఆపేది ఎవరు?" అని అడిగాడు. "బ్రేకులు కొత్తవే కదా ఉస్తాద్" అని నవ్వి ఊరుకున్నాము.

ఓర్వకల్లు దాటేవరకు ప్రయాణము హాయిగానే సాగింది. వెనుక బరువున్నదన్న సంగతే మరచిపోయాము. తమ్మరాజుపల్లె కనుమలో పల్లము దిగుతుండగా ముందున్న లారీ వేగము తగ్గించింది. బ్రేకు వేశాము. బండి నిదానించింది గాని ట్రైలరు నిదానించలేదు. ఎవరో వెనుక నుండి రెండు చేతులతో నెట్టినట్లయినది. మలుపు కావడముచేత ఆ నెట్టు సూటిగా రాక పక్కకు వచ్చింది. వెనుక చక్రము జారి, బండి ఒకవైపు, ట్రైలరు ఒకవైపు తిరిగి, మూతపడే కత్తెర వలె ఒకదానిపై ఒకటి మడతపడ్డాయి. మాలో ఇద్దరము రోడ్డు అంచున పడ్డాము. మోకాళ్ళు దోక్కుపోయాయి, నీళ్ళ డబ్బా పగిలింది, బియ్యము రోడ్డు పాలయింది. తలలకు హెల్మెట్లు ఉన్నాయి. వెనుక వస్తున్న బస్సు నాలుగు బారల దూరములో ఆగింది. ఆ డ్రైవరు అప్రమత్తుడై ఉండకపోతే ఈ వ్యాసము మరెవరో, మరొక విధముగా వ్రాయవలసి వచ్చేది.

మరునాడు ఒక ధాన్యపు కొట్టులో కాటా మీద పెట్టి తూచాము. ఖాళీ ట్రైలరు 60 కిలోలు, సామాను 85 కిలోలు, వెరసి 145. దానిని లాగిన మా బండి బరువు 112 కిలోలు. అనగా గుర్రము కంటె బండి బరువన్నమాట. బండి, దాని మీది ఇద్దరము కలిసి సుమారు 237 కిలోలు. ట్రైలరుతో కలిపితే 382. అదే వేగము నుండి ఆగడానికి ఆ రెండు బ్రేకులు ఒకటిన్నర రెట్లకు మించిన పని చేయవలసి వచ్చింది. ఈ లెక్క మేము ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరములోనే చదువుకున్నాము. పరీక్షలో వ్రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాము. బయలుదేరేముందు మాత్రము వేసుకోలేదు.

ఆ తరువాత ఉస్తాద్ వద్ద కూర్చుని తెలిసికొన్న సంగతులలో ముఖ్యమైనవి చెబుతాము. మొదటిది బరువు పెట్టే చోటు. మన పల్లెలలో ఎద్దుబండి తోలేవారికి ఇది కొత్త కాదు. బరువంతా వెనుక వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల మెడ తాళ్ళు బిగుసుకుంటాయి. అంతా ముందు వేస్తే మెడలు వంగిపోతాయి. ట్రైలరుకూ అంతే. బరువైన వస్తువులు అడుగున, ఇరుసుకు కాస్త ముందుగా ఉంచి, మొత్తములో సుమారు పదవ వంతు మాత్రమే బండి కొక్కెము మీద ఆనేటట్లు చూడవలెను. వెనుక బరువెక్కువైతే వేగము పెరిగిన కొద్దీ ట్రైలరు తోక ఊపుతుంది. ఒకసారి ఊపు అందుకుంటే నిలపడము కష్టము.

రెండవది కీలు. కారు మలుపులో వంగదు. మోటారు సైకిలు వంగకుండా తిరగదు. రెండు చక్రముల ట్రైలరు నేల మీద చదునుగానే నిలిచి ఉంటుంది. కనుక ఆ రెంటినీ కలిపే కీలు పక్కలకు, పైకి కిందికి కదలడమే గాక, మెలితిరగడానికి కూడా వీలుండవలెను. లేనిచో ప్రతి మలుపులోను ట్రైలరు బండిని నిలబెట్టడానికి ప్రయత్నిస్తుంది, లేదా బండి ట్రైలరును పడదోస్తుంది. విదేశములలో బండితోపాటే వంగే ఒంటి చక్రపు ట్రైలర్లు కూడా ఉన్నాయి. మేము పెట్టించినది ట్రాక్టరు మేకు. అది ఇటూ అటూ తిరగడానికే గాని మెలితిరగడానికి కాదు. కీలు విరిగినా ట్రైలరు విడిపోకుండా అడుగున రెండు గొలుసులు అడ్డముగా కట్టవలెనని కూడా మాకు తెలియదు.

మూడవది మన దారి. మోటారు సైకిలుకు ఒకే జాడ. గుంత కనబడితే జానెడు తప్పుకుంటుంది. ట్రైలరుకు మరి రెండు జాడలు. బండి తప్పించుకున్న గుంతలోనే దాని చక్రము పడుతుంది. చక్రము చిన్నదైన కొద్దీ దెబ్బ పెద్దది. రంగు వేయని స్పీడు బ్రేకర్లు, అంచులు తెగిన తారు రోడ్లు మనకు కొత్త కావు.

ఈ విషయములను ఇతర దేశములు ఊహకు వదలిపెట్టలేదు. బ్రిటనులో 125 సి.సి.కి మించిన ఇంజనున్న బండి మాత్రమే ట్రైలరు లాగవలెను. ట్రైలరు వెడల్పు ఒక మీటరు దాటరాదు. బండి వెనుక ఇరుసు నుండి ట్రైలరు చివరి వరకు రెండున్నర మీటర్లు మించరాదు. సామానుతో సహా బరువు 150 కిలోలు గాని, బండి బరువులో మూడింట రెండు వంతులు గాని, ఏది తక్కువైతే అదే హద్దు. జర్మనీలో ఊరి బయట కూడా ట్రైలరు ఉన్న మోటారు సైకిలు 60 కిలోమీటర్ల వేగము మించరాదు. హార్లే డేవిడ్‌సన్ వంటి పెద్ద బండ్ల తయారీదారులే తమ పుస్తకములలో ట్రైలరు లాగవద్దని హెచ్చరిస్తున్నారు. బ్రిటను లెక్కలో 195 కిలోల ఎన్‌ఫీల్డు బండి వెనుక 130 కిలోలు సరిపోవచ్చును. మన చేతిలో ఉన్న 100 సి.సి. బండ్లకు ఆ దేశములో ఒక్క కిలో ట్రైలరుకైనా అనుమతి లేదు.

మన దేశములో 1988 నాటి మోటారు వాహనముల చట్టము మోటారు సైకిలు నిర్వచనములో సైడ్‌కారును చేర్చింది. ట్రైలరును వేరు వాహనముగా నిర్వచించింది. తయారీదారు చెప్పిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 52వ సెక్షను చెబుతున్నది. కాబట్టి వీధిలో వెల్డింగు చేయించిన ట్రైలరుతో ప్రమాదము జరిగితే, ఆసుపత్రి ఖర్చుతోపాటు బీమా వివాదము కూడా తల్లిదండ్రుల నెత్తిన పడవచ్చును.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక ప్రశ్న వేస్తున్నారు: "టి.వి.యస్. బండి వెనుక కూరల బండి కట్టుకుని పొద్దంతా తిరిగేవారు లేరా? వారికి లేని భయము మనకెందుకు?" ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. కంబోడియాలో మోటారు సైకిలు లాగే రెమార్క్ బండ్లు వేలాది కుటుంబములకు అన్నము పెడుతున్నాయి. ఆ పేరు ఫ్రెంచి భాషలో ట్రైలరుకున్న మాట నుండే వచ్చినది. మన వీధులలో అట్టి బండి తోలే మనిషి నిదానముగా, తెలిసిన దారిలో, పొట్టకూటికై తోలుతాడు. అతని బండిని లాక్కోవడము న్యాయమని మేము అనము. అతనికి కావలసినది లాఠీ కాదు. ఎంత బరువు, ఎట్టి కీలు, వెనుక ఎట్టి దీపము అని తేటగా చెప్పే నిబంధన, దానిని తక్కువ ఖర్చుతో పాటించే వీలు అతనికి కావాలి. కాని అతనికి గత్యంతరము లేదు, మనకు ఉన్నది. అతని అవసరమును మన సరదాకు సాక్ష్యముగా తెచ్చుకోవడము ధర్మము కాదు.

మరి గుడారము ఎట్లు? అందుకు మా అనుభవమే సమాధానము. ఫిబ్రవరిలో మేము మళ్ళీ బయలుదేరాము. బండికి ఇరువైపులా ఒక్కొక్క సంచి, సంచికి ఐదు కిలోలు మించకుండా కాటా మీద తూచి కట్టుకున్నాము. గుడారము, వంట సామాను తీసుకుని మరొక మిత్రుడు ఆర్.టి.సి. బస్సులో జమ్మలమడుగు చేరాడు. అక్కడి నుండి ఆటోలో మాకంటె ముందే గండికోటలో దిగి, టీ కాచి మాకై ఎదురుచూచాడు. ఆ సాయంకాలము పెన్నానది లోయ అంచున కూర్చుని, కోటలో ఒకే ఆవరణలో ఉన్న జామియా మసీదు మినారులను, మాధవరాయ ఆలయ గోపురమును చూచినప్పుడు, డిసెంబరులో బియ్యము పోయినందుకు మాకు విచారము కలుగలేదు.

కమిటీ పెద్దలకు మా మనవులు మూడు. విద్యార్థులు బండ్ల మీద దూరయాత్రకు పోయేటప్పుడు సామాను కొరకు ఒక వాహనమును గాని, బస్సు చార్జీని గాని కళాశాల నిధి నుండి ఇప్పించవలెను. ఒక్కొక్కరు పది రూపాయలు, ఇరువది రూపాయలు వేసుకోవడానికి మేమును సిద్ధమే. సైకిలు స్టాండు వద్ద ఒక కాటాను ఉంచవలెను. యాత్రకు ముందు ప్రతి సంచి దాని మీదకు ఎక్కవలెను. భౌతికశాస్త్ర శాఖవారు మా పాత ట్రైలరును స్వీకరించి, సరియైన కీలు అమర్చి, కళాశాల మైదానములో మాత్రమే, నిదానమైన వేగముతో, బరువును మార్చుతూ ఆగే దూరమును కొలిచే ప్రయోగము చేయించవలెను. ఆ అంకెలు వచ్చే సంవత్సరము ఈ పత్రికలో అచ్చయితే, మా మాట కంటె అవే ఎక్కువ మందిని ఆపగలవు.

విద్యార్థి సోదరులకు మాత్రము ఒకే మాట. యాత్రలు మానవద్దు. అయితే బండి వెనుక ఏదైనా కట్టేముందు ఉస్తాద్ మమ్ములను అడిగిన ప్రశ్నను మీరు కూడా వేసుకోండి. సమాధానము అంకెలలో రాకపోతే, ఆ సామానును బస్సు ఎక్కించండి.