ఎరుగనివారి నడుమ సాక్షి

ఎరిగినవారిని నమ్మడం సులభం. ఎరుగనివారిని నమ్మగలిగినప్పుడే వ్యాపారం ఊరి పొలిమేర దాటుతుంది. రాయలసీమ పశువుల సంతలలో పూర్వం కండువా చాటున వేళ్ళు తడిమి ధర తేల్చుకొనేవారు. అమ్మేవాడు, కొనేవాడు ఒకరికొకరు క్రొత్తవారైనా, ఇరువురినీ ఎరిగిన దళారి మాటే వారికి పూచీ. హుండీ కాగితాన్ని చూచి దూరపు వర్తకుడు సొమ్ము చెల్లించినది సైతం దానిని వ్రాసినవాని పరపతిని బట్టియే. నమ్మకానికి నాడు ఒక మనిషి హామీ కావలసివచ్చినది.

నేడు ఆ స్థానంలో యంత్రం నిలిచినది. 2016లో ఆరంభమై, ఆ ఏటి నోట్ల రద్దు పిమ్మట వ్యాపించిన యూపీఐ పద్ధతి కర్నూలు కొండారెడ్డి బురుజు పరిసరాలలోని పండ్ల బండికీ, కడప ఏడురోడ్ల కూడలిలోని టీ అంగడికీ చేరినది. దారినపోయేవాడు క్యూఆర్ కోడ్‌కు ఫోను చూపగానే అంగడివాని పేరు తెరపై కనబడుతుంది. సొమ్ము ఖాతాలో పడగానే బండిమీది చిన్న పెట్టె ఆ మొత్తాన్ని తెలుగులో పలుకుతుంది. కొనేవానికి పేరు సాక్షి. అమ్మేవానికి పలుకు సాక్షి. 2011 జనగణన నాటికి ఉమ్మడి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత సుమారు 60 శాతమే. చదువురాని పండ్లమ్మకు పరుల ఫోను తెరను నమ్మవలసిన అగత్యం ఆ పలుకుతో తప్పినది. ఇది స్వల్పమైన మేలు కాదు.

అయితే ఆ సాక్షి అంగడిలో ఉన్నదే కాని ఇంటిలో లేదు. కోసిగి, పెద్దకడబూరు ప్రాంతాల నుండి ఎన్నో కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు సీమకు, కట్టడపు పనులకు బెంగళూరుకు వలసపోతున్నవి. వారు పంపిన కూలిడబ్బు ఊరిలోని ముసలివారి ఖాతాలో ఉంటుంది. ముఖమైనా తెలియని ఒకడు ఫోను చేసి, "బ్యాంకు నుండి మాట్లాడుతున్నాను, మీకు సొమ్ము రావలసి ఉన్నది, పిన్ నొక్కండి" అంటే, ఆ మాట నిజమో కల్లో చెప్పే పెట్టె అక్కడ లేదు. ఎండలో వంగి కోసిన నెలల కష్టం క్షణంలో పోతుంది. పోగొట్టుకొన్నవారిని అమాయకులని నవ్వడం అన్యాయం. నమ్మడం అలవాటు చేసిన వ్యవస్థ, ఎక్కడ నమ్మరాదో వారికి తగినంతగా నేర్పలేదు.

ఆ కొరత తీర్చడానికి బడిని మించిన చోటు లేదు. సొమ్ము పుచ్చుకొనడానికి పిన్ అక్కరలేదు. ఓటీపీని బ్యాంకువారమని అడిగినవారికి సైతం చెప్పరాదు. మోసం జరిగితే జాగు చేయక 1930కి ఫోను చేయాలి. ఉపాధ్యాయుడు ఒక్క గంట కేటాయించి ఈ మూడు మాటలు చెబితే, తలిదండ్రులతో వలసపోక ఊరనే ఉన్న పిల్లలు ఆ సాయంకాలమే అవ్వకూ తాతకూ వాటిని అప్పగించగలరు. సంతలో దళారి వహించిన పూచీని ఇక ఇంటిలో బడిపిల్ల వహించాలి.